వేళ్లు ఎలా ఉన్నాయి?

టక్.

పొట్టి కత్తి మొన కీలులోకి దిగిన చప్పుడు.

ఆ వెంటనే చిన్న నిట్టూర్పులాంటిది… చిప్ప విడిపోతుంది. ఉప్పునీళ్లు వదిన మణికట్టు మీదుగా జారి తొట్టిలో పడతాయి.

మళ్లీ టక్.

ఆటు వేళ. ఉప్పుటేరు వెనక్కి తగ్గుతుంది. మడచెట్ల వేళ్లు బురదలోంచి నిక్కి చూస్తాయి. షెడ్డు రేకుల మీద గూడబాతు ఒకటి కూర్చుని, మేం ఏమన్నా విసురుతామేమోనని మెడ వంచి చూస్తుంది.

వదిన చూడదు. గూడబాతునీ చూడదు, కత్తినీ చూడదు. ఎదురుగా ఉన్న ఏటిని చూస్తూ, హోటళ్లవాళ్లు తినడానికి కొనే ఆల్చిప్పలు విప్పుతుంది.

చూసేవి ఆమె వేళ్లు.

ఏది బతికుందో, ఏది లోపల చచ్చి బోలైందో, ఏది ఇంకో నెల నీళ్లలో ఉండాలో — అన్నీ వాటికే తెలుసు. భూగోళానికి ఈ దక్షిణపు కొసన జూన్ అంటే చలికాలం; ఆ చలిలో, మంచులాంటి నీళ్లలో మోచేతులదాకా పెట్టినా వాటికి తెలుసు.

నలభై ఆరేళ్లుగా తెలుసు.

మా అన్న అలెక్ పెళ్లి చేసుకుని తెచ్చినప్పుడు నోలీన్‌కి ఇరవై రెండు. నాకు పద్దెనిమిది. ఆల్చిప్పని ఎలా పట్టుకోవాలో ఆమెకి నేర్పింది నేనే. ఏడాది తిరక్కుండా నా చేతిలో కత్తి లాక్కుని, "నువ్వు పడవ నడుపుకో గ్లెనిస్, వాటినెందుకు హింసపెడతావు" అంది. అప్పట్నించీ పడవ నాది, కత్తి ఆమెది. అన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇల్లు ఒకటే, షెడ్డు ఒకటే, పొయ్యి ఒకటే. ఇద్దరు ముసలమ్మలం. వదిన, ఆడబిడ్డ.

ఈ వేళ్ల సంగతి ఇంతగా చెబుతున్నానంటే, కారణం ఒకటే.

ఎవరూ అడగలేదు.

*

మార్చిలో వదినకి పెద్దపేగు కాన్సర్ అన్నారు. ఏప్రిల్‌లో కోశారు. కోసినాయన బాగా కోశాడు. అక్కడిదాకా నాకు ఫిర్యాదు లేదు. గడ్డ పోయింది. కానీ దాని పక్కనున్న మూడు గ్రంథుల్లో విత్తనాలు కనబడ్డాయన్నారు.

మే నెలాఖర్లో ఉత్తరం వచ్చింది.

తేదీ ఉంది. టైము ఉంది. ఎన్నో అంతస్తో ఉంది. ఆరు నెలలు కీమో అని ఉంది — మూడు వారాలకోసారి నరానికి ఎక్కించే మందు, ఆ మధ్యలో మాత్రలు. కారు ఎక్కడ ఆపుకోవాలో బొమ్మ గీసి మరీ ఉంది.

మీరేమంటారు అని లేదు.

ఫోన్ చేస్తే, అది మీటింగులో తేల్చారమ్మా అంది అవతలి అమ్మాయి. పదకొండుమంది కూర్చున్నారట. గోడ మీద ఫొటోలు వేసుకుని చూశారట. వదిన పేగు ఉందన్నమాట ఆ గదిలో.

వదిన లేదు.

నేను అప్పటికే కుతకుతలాడుతున్నాను. వదిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద తగిలించింది. కరెంటు బిల్లు పక్కన.

"అంతమంది పెద్దవాళ్లు కూర్చుని ఆలోచించారు, పాపం" అంది.

పాపమట.

*

ఆసుపత్రి కొండ ఎక్కాక వచ్చే ఊళ్లో ఉంది. రెండు గంటల దారి. ఎండ మంచులోంచి తీసి ఆరేసినట్టు పల్చగా ఉంది ఆ రోజు.

ముందు కాగితం నింపమన్నారు. వృత్తి అన్న గడిలో వదిన 'రిటైర్డ్' అని రాసింది.

"అదేంటి వదినా?"

"పెన్షను వస్తోందిగా."

"నిన్న తెల్లారేసరికి ముప్పై డజన్లు విప్పావు."

"గడి చిన్నదే తల్లీ. అంత కథ పట్టదు."

తర్వాత నా వంతు. కౌంటర్లో అమ్మాయి అడిగింది, ఆవిడకి మీరేమవుతారని. ఆడబిడ్డనన్నాను. ఆ పిల్ల కంప్యూటర్లో పైకీ కిందికీ వెతికింది. భర్త ఉన్నాడు. కొడుకు, కూతురు ఉన్నారు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉన్నారు. స్నేహితులున్నారు.

"ఆడబిడ్డ లేదండీ ఇందులో. 'ఇతరులు' అని వేస్తాను."

వేసింది.

నలభై ఆరేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్న మనిషిని. ఇతరులు.

డాక్టరు పేరు హార్‌గ్రీవ్. చిన్నవాడు, ముప్పై అయిదు దాటి ఉండవు. చెడ్డవాడు కాదు. అదే నా బాధ… చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నవ్వుతాడు. తలుపు తీసి పట్టుకుంటాడు. కుర్చీ లాగి వేస్తాడు. వేసి, కంప్యూటరు వైపు తిరిగి కూర్చుంటాడు.

కంప్యూటరు చెప్పింది మాకు చెప్పాడు. వాంతులకి మాత్ర. విరేచనాలకి ఇంకో మాత్ర. జ్వరం వస్తే ఈ నంబరు.

"వేళ్లు కాస్త తిమ్మిరెక్కుతాయి. చల్లటివి ముట్టుకోకండి. ఫ్రిజ్‌లోంచి పాలు తీసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, సరిపోతుంది."

ఫ్రిజ్. పాలు.

వదిన వైపు చూశాను. తలూపుతోంది. ఏటి నీళ్లలో సగం బతుకు బతికిన మనిషి, పాల డబ్బా గురించి బుద్ధిగా తలూపుతోంది.

"ఎన్నాళ్లుంటుంది ఆ తిమ్మిరి?" అన్నాను నేను.

"చాలామందికి తగ్గిపోతుంది."

"తగ్గనివాళ్లకో?"

అప్పుడు చూశాడు నన్ను, మొదటిసారి. "మీరు ఆవిడకి ఏమవుతారు?"

"ఇతరులు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. వదినకి అర్థమై నా మోచెయ్యి గిల్లింది. డాక్టరు కాగితం ముందుకు జరిపాడు. వదిన చదవకుండా సంతకం పెట్టింది.

ఆ చేత్తోనే.

*

కింద అంతస్తులో కీమో గది చూపించారు. వరసగా వాలుకుర్చీలు. కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి టీ కప్పుని రెండు చేతులతో పొదివి పట్టుకుని తాగుతున్నాడు. పేరు డెస్మండ్ అని చెప్పాడు. ఒకప్పుడు ఇటుకల మేస్త్రి.

వదినకి ఇవ్వబోయేదే ఆయనకీ ఇచ్చారట. రెండేళ్ల కింద. రోగం మళ్లీ వచ్చింది, ఇప్పుడు వేరే మందు.

"బొత్తాలు మా ఆవిడ పెడుతుంది" అన్నాడు. "ఇటుక చేతిలో ఉందో, జారిపోయిందో కంటితో చూస్తేగాని తెలీదు."

"ముందే చెప్పలేదా మీకు?"

"చెప్పారమ్మా. ఫ్రిజ్ సంగతి చెప్పారు." నవ్వాడు. "ఒట్టి మాత్రలతో సరిపెట్టుకునే దారి కూడా ఉందని నాకు పక్క కుర్చీలో ఆవిడ చెప్పింది. అప్పటికి నాకు ఏడోసారి ఎక్కుతోంది."

పక్క కుర్చీలో ఆవిడ.

ఆ ఆసుపత్రిలో నిజాలు ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి పాకుతాయి. పై అంతస్తునుంచి దిగి రావు.

తిరుగుదారిలో నేను ఆగలేదు. కొండ దిగుతున్నంతసేపూ అరుస్తూనే ఉన్నాను. దారి ఉందట, ఇంకో దారి ఉందట, చెప్పలేదు చూడు, నీ వేళ్ల గురించి ఒక్క ముక్క అడిగాడా, నువ్వన్నా చెప్పొద్దా, నోట్లో నాలుక లేదా…

వదిన కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చుంది.

"అతను డాక్టరు చదువు చదివాడు. నేను ఆల్చిప్పలు చదివాను. అతనేమన్నా వచ్చి నాకు చిప్ప విప్పడం నేర్పుతున్నాడా?"

"విప్పనివ్వకుండా చేస్తున్నాడు. అదే చెబుతున్నా."

"దారి చూసి నడుపు" అంది.

*

తర్వాత రెండు వారాలు నా ఒళ్లు మండిన విధం చెప్పుకోవాలి.

ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది. రెండు నొక్కమంది. పాట పెట్టింది. చివరికి మనిషి దొరికితే, పేషెంటే మాట్లాడాలి, ఇతరులతో మాట్లాడకూడదండీ అంది. సరేనని వదిన చేతిలో పెట్టాను ఫోను. కళ్లతో చెప్పాను, చేతులతో చెప్పాను, వేళ్లు ఆడించి మరీ చూపించాను.

"ఆఁ, నోలీన్‌నే… అంతా బాగానే ఉందమ్మా. ఏం లేదు. నీకు శ్రమ ఇచ్చాను. ఉంటాను."

పెట్టేసింది.

నేను షెడ్డులోకి పోయి ఖాళీ ట్రేలన్నీ తీసి మళ్లీ పేర్చాను. శబ్దం వచ్చేలా పేర్చాను.

ఇంకా ఉంది. ఆ వారమే ఆసుపత్రి నించి ఒక కాగితం వచ్చింది. మీ సేవలో మేము ఎలా ఉన్నామో చెప్పండి అని. అందులో నాలుగో ప్రశ్న — చికిత్స నిర్ణయాల్లో మిమ్మల్ని, మీ వాళ్లని భాగం చేశామా? ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయండి.

మందు ఇంకా మొదలవనే లేదు.

వదిన అయిదు వేసింది.

"అయిదా?"

"మరి. పాపం కుర్రాడు, ఉద్యోగానికేమన్నా అవుతుందేమో."

"వదినా, నిన్నేం అడిగాడు అతను?"

కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"కారు ఎక్కడ ఆపారని అడిగాడు" అంది.

తల పట్టుకున్నాను. పోటు వచ్చే వేళ అది. మడచెట్ల వేళ్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. నీళ్లు చప్పుడు చెయ్యకుండా వస్తాయి. ఇందాకటిదాకా బురద, చూస్తుండగానే ఏరు.

నేను ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. వదినకి పోస్టులో వేశానని చెప్పాను.

ఇది ఇప్పుడు గుర్తొస్తే కొంచెం సిగ్గేస్తుంది. ఆమె వేసిన మార్కులు. ఆమె ఇష్టం. నేను అడిగానా?

అప్పుడు తట్టలేదు.

*

కీమో గదిలో మెరెయానీ అనే నర్సు ఉంది. ఫిజీ మనిషి, గట్టిది. నేనొక్కదాన్నే కొండెక్కి వెళ్లి, గుమ్మంలో నిలబడి ఆమెకి అంతా చెప్పాను. ఆమె అడ్డు చెప్పకుండా వింది. ఎక్కించాల్సిన తేదీకి నాలుగు రోజుల ముందు, డాక్టరుతో నలభై నిమిషాలు, వదిన పేరు మీద రాయించింది.

"పేషెంటు మాట్లాడాలి సుమా" అంది. "మీరు కాదు."

"మాట్లాడుతుంది" అన్నాను. నాకేం నమ్మకం లేదు.

ఆ రోజు నేనొక పని చేశాను. తడి గోనెలో డజను ఆల్చిప్పలు కట్టుకుని, కత్తి కూడా పట్టుకెళ్లాను. మాటలు రాకపోతే చేతులు చూపిస్తుందని. గుమ్మంలో కాపలా మనిషి కత్తి తీసుకుని కవరులో పెట్టి, నా పేరు రాసుకున్నాడు. గోనె మాత్రం వదిలేశాడు. వదిన సిగ్గుతో చచ్చిపోతోంది. లిఫ్టులో ఇద్దరు ముక్కు మూసుకున్నారు.

హార్‌గ్రీవ్ గోనె వైపు చూశాడు. నేల మీద ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"ఏమిటవి?"

"ఆవిడ ఉద్యోగం" అన్నాను.

అతను బూట్లకి తగలకుండా కాళ్లు వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత అతను అడిగాడు, వదినని, కంప్యూటరు వైపు కాకుండా ఆమె వైపు తిరిగి —

"మీరు చేతులతో ఏం చేస్తారు నోలీన్ గారూ?"

అంతే. కోసిన ఎనిమిది వారాల తర్వాత. అంత చిన్న ప్రశ్న.

వదిన గోనెలో చెయ్యి పెట్టింది. ఒకటి తీసింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది, పెట్టింది. మూడోది అతనికిచ్చింది.

"ఇది చచ్చిపోయింది."

అతను అటూ ఇటూ తిప్పాడు. మిగతావాటిలాగే ఉంది. "ఎలా తెలిసింది?"

"వేళ్లకి తెలుస్తుంది బాబూ. ఎలా అంటే చెప్పలేను."

డాక్టరు ఆ చచ్చిన చిప్పని బల్ల మీద పెట్టుకున్నాడు. ఒక కాగితం తీశాడు. దాని మీద వంద చిన్న మనుషుల బొమ్మలు ఉన్నాయి. పెన్నుతో రంగు వేస్తూ పోయాడు.

మీలాంటివాళ్లు వందమంది అనుకుందాం. కోసి వదిలేస్తే సగంమందికి మళ్లీ రాదు. మాత్రలిస్తే వాళ్లకి ఇంకో పదిమంది, పదిహేనుమంది కలుస్తారు. ఎక్కించే మందు కూడా ఇస్తే ఇంకో అయిదుగురు. మీ వయసుకి ఆ అయిదుగురూ ముగ్గురే కావచ్చు… నాకు కచ్చితంగా తెలీదు.

తెలీదు అన్నాడు. ఆ మాటకి నాకు అతని మీద మొదటిసారి కొంచెం ఇష్టం కలిగింది.

"మరి వేళ్లు?" అంది వదిన.

"ఆరు నెలలు తీసుకుంటే చాలామందికి మొద్దుబారతాయి. కొందరికి అలాగే ఉండిపోతాయి. మూడు నెలలైతే ఆ భయం బాగా తక్కువ."

"మూడు నెలలైతే మందు పనిచెయ్యదా?"

"మీ విషయంలో మూడుకీ ఆరుకీ పెద్ద తేడా ఉండకపోవచ్చు."

"మరి ఆరు ఎందుకు రాశారు?" అన్నది నేను.

అతను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"మీటింగులో అలా రాసుకున్నాం."

నేను ఏమన్నా అనేదాన్నే. కానీ అతను అప్పటికే వదిన వైపు తిరిగాడు. "మీకేం కావాలో చెప్పండి. మాత్రలు చాలా, రెండూ కావాలా, ఎన్నాళ్లు. ఇప్పుడే చెప్పక్కర్లేదు."

నేను కాచుకున్నాను. వదిన నోరు విప్పలేదు. నేను విప్పాను.

"మాత్రలు చాలండీ. ఈవిడకి వేళ్లే ప్రాణం, వేళ్లు లేకపోతే ఈవిడ —"

"గ్లెనిస్. నోరు ముయ్యి."

గట్టిగా అనలేదు. చిప్ప విప్పినంత నెమ్మదిగా అంది.

"రెండు వారాల్నించి చూస్తున్నానండీ" అంది డాక్టరుతో. "నన్నెవరూ అడగలేదని ఊరంతా చాటింది. నర్సుకి చెప్పింది. పోస్టాఫీసులో చెప్పింది. ఆఖరికి గూడబాతుకీ చెప్పింది. ఇది మాత్రం అడగలేదు."

"నీ వేళ్ల కోసమే కదా వదినా…"

"నా వేళ్లు నీకెందుకే? నాకు ఆల్చిప్పలంటే విసుగొచ్చి తొమ్మిదేళ్లయింది. మీ అన్న పోయిన రోజునే వచ్చింది. చెబితే నువ్వేమైపోతావోనని విప్పుతూ కూర్చున్నాను."

నిజమా అది? నా నోరు మూయించడానికి అన్నదా? ఇవాళ్టికీ తెలీదు.

వదిన కాగితం మీద బొమ్మల్ని చూస్తోంది. చివర్న ఆ అయిదుగురు. లేదా ముగ్గురు.

"వీళ్లలో నేనుంటానో లేదో మీకు తెలీదు. నాకూ తెలీదు. అయినా ఎక్కించండి. మూడు నెలలే. కానీ ఆపమనేది నేను. మీరు కాదు. ఇది అంతకన్నా కాదు."

డాక్టరు తలూపి రాసుకోబోయాడు.

"ఇంకోటి రాసుకోండి" అంది వదిన. "పొద్దెక్కాక బయల్దేరేలా టైమివ్వండి, పొద్దుండగా ఇంటికి చేరాలి. మసక పడితే దీనికి ఎదురొచ్చే బండి లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటాయి. మొన్న వంతెన మీద గీత దాటించింది. కళ్ల డాక్టరు ఉత్తరం తెచ్చి చెంచాల సొరుగులో అడుగున దాచింది. నేను చూడలేదనుకుంటోంది."

నేను నేల వైపు చూశాను. ఉప్పునీళ్ల మడుగు నా బూటు దాకా వచ్చింది.

నన్ను కూడా ఎవరూ అడగలేదు. నిజమే. అడిగితే ఏం చెప్పేదాన్ని? అబద్ధం చెప్పేదాన్ని.

దిగేటప్పుడు కాపలా మనిషి కవరు తిరిగిచ్చాడు. వదిన అందుకుంది. దారి పొడుగునా ఆ కత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను దారి చూసి నడిపాను.

*

జూన్ మధ్యలో మొదటిది ఎక్కింది.

బయటికొచ్చి కారు తలుపు పట్టుకుందో లేదో, తేలు కుట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇనుము. చలి. అంతే చాలు. చల్లగాలి పీలిస్తే గొంతులో గాజుపెంకులు. కుళాయి నీళ్లు కరెంటు. ఆ ఏడు చలి ఏటి మీద తెల్లగా పరుచుకుంది, మధ్యాహ్నానికి కూడా లేవలేదు.

వదిన ఉన్ని గ్లవ్స్ రెండు జతలు వేసుకుని, మెడకి శాలువా చుట్టుకుని, రోజూ షెడ్డుకి వచ్చింది.

ఆల్చిప్పలంటే విసుగన్న మనిషి.

స్టూలు మీద కూర్చుని నేను విప్పుతుంటే చూసింది. నలభై అయిదేళ్ల తర్వాత కత్తి మళ్లీ నా చేతికొచ్చింది. అరచెయ్యి రెండుచోట్ల తెగింది.

"అది ఆల్చిప్ప గ్లెనిస్, దొంగ కాదు. కొట్టకు."

"నువ్వు ఇంట్లో పడుకోకూడదా వదినా?"

"ఇంట్లో నవ్వొచ్చేది ఏముంది?"

జూలై మొదట్లో రెండోది. నెలాఖరుకి మూడోది. ప్రతిసారీ చలి భయం నాలుగైదు రోజుల్లో తగ్గేది. గ్లవ్స్ తీసేది. బాగానే ఉన్నాయి అనేది.

మూడోదాని తర్వాత చలి భయం తగ్గింది. తిమ్మిరి తగ్గలేదు.

ఆమె చెప్పలేదు. నేను చూశాను. చూడకూడదనుకుంటూ చూశాను. కప్పు పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. బొత్తాల చొక్కాలు మానేసి తలమీంచి దిగే స్వెట్టర్లు వేసుకుంటోంది. పెన్ను జారితే, కాలితో బల్లకిందికి నెట్టేసి, రాయడం రేపు అంటుంది.

ఒక పొద్దున, ఆటు వేళ, తొట్టిలోంచి ఒక చిప్ప తీసింది. ఊరికే, అలవాటుగా. అటూ ఇటూ తిప్పింది.

తిప్పి… కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

చూసింది.

నేను కత్తి కింద పెట్టేశాను.

"వదినా. డాక్టరుకి చెబుదాం."

"ఆపమనేది ఎవరు?"

"నువ్వే."

"మరి."

ఆ 'మరి' తర్వాత మాట్లాడడానికి ఏమీ ఉండదు. గోడ అది. నేనే కట్టించాను, ఇటుక ఇటుక అందించి మరీ.

చెబితే చాడీ. చెప్పకపోతే పాపం. రెండు వారాలు ఈ రెంటి మధ్య నలిగాను. వంట చేస్తూ నలిగాను, పడవ నడుపుతూ నలిగాను. ఆసుపత్రి మీద కోపం ఎంత సుఖంగా ఉండేదో అప్పుడు తెలిసింది. వదిన మీద కోపం అలా కాదు. అన్నం తింటూ ఎదురుగా కనబడుతుంది.

"ఇంకొక్కటేగా" అంది ఒకసారి, నేనేమీ అనకుండానే. "నాలుగోది ఎక్కితే అయిపోయినట్టే. అంతదూరం వచ్చి ఇప్పుడు దిగిపోతానా?"

చిప్ప కీలులో కత్తి ఇరుక్కుంది. రాలేదు.

*

ఆగస్టు మధ్యలో నాలుగోది.

ఆ పొద్దున వదిన బొత్తాల చొక్కా తీసింది. నీలిది, అన్న కొన్నది. మంచం మీద కూర్చుని పావుగంట దానితో కుస్తీ పట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. చివరికి చేతులు పక్కకి వదిలేసి, గడ్డం పైకెత్తింది. ఏమీ అడగలేదు. నేను వెళ్లి ఒక్కొక్కటీ పెట్టాను. ఏడు బొత్తాలు.

హార్‌గ్రీవ్ ఇప్పుడు కుర్చీ ముందే తిప్పి పెట్టుకుంటున్నాడు, మా వైపు. అది నేను గమనించాను. రక్తం బాగుందన్నాడు. బరువు బాగుందన్నాడు.

"వేళ్లు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి బాబూ."

"తిమ్మిరి?"

"వస్తుంది, పోతుంది."

"బొత్తాలవీ పెట్టుకోగలుగుతున్నారా?"

వదిన చొక్కా ముందుకి కొంచెం లాగి చూపించింది. ఏడు బొత్తాలు, వరసగా, గట్టిగా.

"కనబడడం లేదూ" అంది.

అతను నవ్వాడు. రాసుకున్నాడు. ఇక లేస్తాడనుకున్నాను. లేవలేదు. పెన్ను పట్టుకుని, కుర్చీ ఇంకాస్త తిప్పి, నా ముఖంలోకి చూశాడు.

"గ్లెనిస్ గారూ, రోజూ చూసేది మీరు. మీరేమంటారు?"

ఎన్ని ఫోన్లు చేశాను. ఎన్నిసార్లు ఒకటి నొక్కి రెండు నొక్కాను. కొండ ఎన్నిసార్లు ఎక్కాను ఈ ముక్క కోసం.

అడిగాడు.

చెబితే మందు తగ్గిస్తాడు, లేదా ఆపేస్తాడు. ఆ ముగ్గురిలోనో అయిదుగురిలోనో ఆమెకి ఉన్న చోటు… ఉందో లేదో తెలియని చోటు… నేను తీసినదాన్నవుతాను. చెప్పకపోతే ఇంకో గంటలో సూది దిగుతుంది. ఆ వేళ్లు తిరిగొస్తాయో రావో.

వదిన నన్ను గిల్లలేదు. దగ్గలేదు. నా వైపు చూడనే లేదు.

కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట గాలికి ఒక చెట్టు బెరడు పట్టీలుగా ఊడి వేలాడుతోంది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. కుడిచేతి బొటనవేలితో ఎడమచేతి వేళ్లని ఒక్కొక్కటే తడుముకుంటోంది, చిటికెన వేలినించి మొదలుపెట్టి. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొస్తోంది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"తొందరేం లేదు" అన్నాడు.

నేను నోరు తెరిచాను…